తొలినాటి ప్రొద్దు క్రుంకకముందే

మంచుదేశపు కల్పితారణ్యమున ఒక్క పగలు ప్రాణము నిలుపుకొనుటకు జగిత్యాల ఎండ, కోరుట్ల తునికాకు, సిరిసిల్ల బట్ట నేర్పగల విద్య యెంత?

ఆట ఆరంభమగునప్పటికి తానెక్కడ నున్నాడో ఆటగానికి తెలియదు. తెర నిండ మంచు. సరళవృక్షముల నడుమ ఈల వేయుచు వీచు గాలి. ఒంటిమీద చలికి చాలని దుస్తులు. జేబులో, అదృష్టము కలిసివచ్చినయెడల, కొన్ని అగ్గిపుల్లలు. ఒకమూల చలి, అలసట, దాహము, ఆకలి అను నాలుగింటి స్థితిని తెలుపు నాలుగు చిన్న గురుతులు. ఎదిరించుటకు శత్రుసైన్యము లేదు, ఎటు పోవలెనో చూపు బాణపుగుర్తు లేదు, చేయవలసిన పని యిది యని చెప్పు గొంతు లేదు. కెనడా దేశమునందలి హింటర్‌లాండ్ సంస్థవారు 2014 సెప్టెంబరులో అసంపూర్ణరూపమునను, 2017 ఆగస్టు 1వ తేదీన సంపూర్ణరూపమునను వెలువరించిన 'ది లాంగ్ డార్క్' అను ఈ వీడియో గేములో, గ్రేట్ బేర్ అను కల్పితద్వీపమున, అయస్కాంత విపత్తు వలన విద్యుత్తు నిలిచి యంత్రములన్నియు మూగవోయిన లోకమున, ఒంటరిగా మిగిలిన మనుష్యుడు ఎన్నినాళ్లు బ్రతికియుండగలడన్నదే ప్రశ్న. కథతో కూడిన భాగము వేరుగ నున్నను, ఆట పేరు నిలబెట్టినది ఈ ఒంటరి బ్రతుకే. ఇందులో గెలుపు అను మాట లేదు, చావును ఎంతకాలము వాయిదా వేసితిమన్నదే లెక్క.

ఇట్టి ఆటను మే మాసపు మధ్యాహ్నమున, వీథులన్నియు నిర్మానుష్యములై యుండగా, కూలరు హోరు నడుమ కూర్చుండి జగిత్యాలలో ఒక విద్యార్థి ఆడుచున్నాడనుకొందము. వెలుపల ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటుట ఈ జిల్లాకు వింత గాదు. రోహిణి కార్తెలో రోళ్లు పగులునను సామెత ఇచ్చట ఎవరికిని అతిశయోక్తిగా తోపదు. తెరమీద మాత్రము అతని ప్రతిరూపము దవడలు కొట్టుకొనునట్లు వణకుచున్నది. ఈ వైపరీత్యము నవ్వు పుట్టించునదే యైనను ఇందులో ఆలోచింపదగిన విషయమొకటి కలదు. మృత్యువు చలిరూపమున వచ్చు దేశమువారు కల్పించిన అడవిలోనికి, మృత్యువు ఎండరూపమున వచ్చు దేశపు కుఱ్ఱవాడు ప్రవేశించినప్పుడు, తాతముత్తాతలనుండి అతని ఒంటబట్టిన జాగ్రత్తలలో ఏవి ప్రాణము కాపాడును, ఏవి ప్రాణము మీదికి తెచ్చును?

మన ప్రాంతపు యువకులకు ఆటలలో చావు కొత్త గాదు. 2020 సెప్టెంబరు 2న కేంద్రప్రభుత్వము నిషేధించిన పబ్‌జీ మొబైలును, 2021 జూలైలో 'బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా' అను పేరుతో దానికి వచ్చిన పునర్జన్మను ఎరుగని పల్లె యుండదు. ఆ ఆటలో నూరుమంది దిగుదురు, ఒకరినొకరు కాల్చుకొందురు, చచ్చినవాడు మరుక్షణమున మరొక పందెములో లేచి నిలుచును. ఇక్కడ అట్లు గాదు. మంచులో పడి చచ్చినవాని ఆట అంతటితో తుడిచిపెట్టుకొనిపోవును. పది దినములు కూడబెట్టిన బట్టలు, కట్టెలు, తెలిసికొన్న దారులు అన్నియు అతనితోనే అంతరించును. మరల ఆడదలచినవాడు మొదటి దినమునుండి, తెలియని చోటునుండి, దాదాపు ఉత్తిచేతులతో ఆరంభింపవలసినదే. ఈ నియమమొక్కటే ఆటగాని చేతిని నెమ్మదింపజేయును. తుపాకి ఆటలలో వేలికొన పరుగెత్తుచుండగా, ఈ ఆటలో ఒక అగ్గిపుల్ల గీయుటకు ముందు వేలు ఆగి ఆలోచించును. ఆటలన్నియు కాలహరణములే యని కొట్టివేయు పెద్దలు ఈ ఆగుటను ఒకసారి ప్రక్కన కూర్చుండి చూచిన బాగుండును.

ఈ జాతి ఆటలకు వంశావళి లేకపోలేదు. ఫిన్లండు దేశపు సామి మారనెన్ ఇనుపయుగపు ఉత్తరారణ్యమును వస్తువుగా గొని 'అన్‌రియల్ వరల్డ్' అను ఆటను 1992లో వెలువరించి, నేటికిని దానిని సవరించుచునే యున్నాడు. 2009లో స్వీడనునుండి తొలిరూపమున వచ్చిన 'మైన్‌క్రాఫ్ట్' నేడు మన పిల్లల ఫోనులలో నున్నది. అందులో పగటివెలుగు పది నిమిషములే, ఆలోపల గోడయో గుంతయో చేసికొననివాడు చీకటిలో భూతములపాలు. 2013లో వచ్చిన 'డోంట్ స్టార్వ్' లో రాత్రి మంట లేనివానిని చీకటియే చంపును. 2019లో పోలండువారు పూర్తిచేసిన 'గ్రీన్ హెల్' అమెజాను అడవిలో జలగలను ఏరుకొనుట కూడ ఒక పనిగా పెట్టినది. దృశ్యములెన్ని మారినను వీనియన్నిటి తొలిదినపు ధర్మమొక్కటే: సాయంకాలమునకు ధనవంతుడవు కానక్కరలేదు, రెండవనాటి ఉదయమును చూచిన చాలును.

ఎండబుద్ధి, చలిబుద్ధి

పాశ్చాత్యదేశములలో ప్రాణరక్షణ విద్య నేర్పువారు మూడు సంఖ్యతో ముడిపడిన సూత్రమొకటి చెప్పుదురు: గాలి లేక 3 నిమిషములు, కఠినవాతావరణములో మరుగు లేక 3 గంటలు, నీరు లేక 3 దినములు, తిండి లేక 3 వారములు. ఇది కొలబద్ద గాదు, పనుల వరుసను జ్ఞాపకముంచుకొనుటకు కట్టిన ముడి మాత్రమే. మనుష్యశరీరము 37 డిగ్రీల సమీపముననే సుఖముగ నుండును. లోపలి వేడిమి 35 డిగ్రీలకు దిగువకు జారినచో చలిదెబ్బ, 40 డిగ్రీలు దాటినచో వడదెబ్బ. ఇంత ఇరుకైన గట్టు మీద నడచుచున్న ప్రాణికి ఏ ప్రక్క లోయ యున్నదో దానినిబట్టి జాగ్రత్తలు ఏర్పడును. మనకు ఒక ప్రక్క, వారికి ఒక ప్రక్క.

కావుననే జగిత్యాల కుఱ్ఱవాడు ఆ మంచులో తొలిగంటలోనే తడబడును. మన వేసవిలో తెలివిగలవాడు తెల్లవారకముందే పనికి పోయి, ఎండ ముదురకముందే నీడపట్టునకు చేరి, ప్రొద్దు వాలిన తరువాత మరల లేచును. మంచుదేశమున మధ్యాహ్నమే మిక్కిలి వెచ్చని వేళ. ఆ కొద్ది గంటలను గూట దాచుకొని కూర్చుండి, చల్లబడిన పిదప బయలుదేరుదమన్నవాడు దారిలోనే ఘనీభవించును. మనకు నీరు మొదట, నిప్పు తరువాత. అచ్చట నలువైపుల నీరే గడ్డకట్టి పడియున్నను నిప్పు లేక గ్రుక్కెడు త్రాగుటకు వీలులేదు; మంచు కరగింపవలెను, కరగిన నీటిని మరిగింపవలెను, అందులకు కట్టెలు కావలెను, కట్టెలకై తిరుగుటకు ఒంట వెచ్చదనము కావలెను. ఒకటి లేక ఒకటి లేదు. మానేరు ఇసుకలో చెలిమ త్రవ్వి, ఊరిన నీటిని దోసిట ముంచుకొని త్రాగిన జాతికి, నీటిలో నిలుచుండి దప్పికతో చచ్చుట యనునది ఊహకందుట కష్టమే.

"పొద్దుగాల్లనే పనంత ఒడగొట్టుకోవాలె కొడుకా, ఎండపొద్దు నీడకు కూసోవాలె గని గట్ల తిరుగుతరా?" అని వెనుకనుండి తొంగిచూచిన నాయినమ్మ మందలించిన, "ఆడ ఎండనే ప్రాణం నాయినమ్మా, నీడకు పోతె సస్తడు" అని మనుమడు బదులుచెప్పవలసి వచ్చును. ఆమె ఆశ్చర్యపడును గాని వాదింపదు. ఎందుకనగా ప్రొద్దును చూచి పని కుదుర్చుకొనవలెనన్న మూలసూత్రము ఆమెదే, ప్రొద్దు తత్త్వము మాత్రము మారినది.

అయితే అన్నియు తలక్రిందులే యనుకొనుటయు పొరపాటు. గాలి సంగతి చూడుడు. చల్లని పైరగాలికి ఱొమ్ము విప్పుట మనకలవాటు గావున, మంచుదేశపు గాలిలోనికి ఎదురునడచుట మొదట ప్రమాదముగా తోపదు. ఆటలో ఉష్ణోగ్రత ఒక అంకె, గాలి దానినుండి తీసివేయునది మరియొక అంకె. ఎదురుగాలిలో నడచినవాడు అదే చోట బండరాతి చాటున నిలిచినవానికంటె ఎంతో త్వరగా చల్లబడును. ఇది కొత్తపాఠమా? వడగాలి వీచుదినమున మన రైతు తలకును చెవులకును తువ్వాల బిగించి కట్టుకొనుట ఎందుకు? చర్మము కంటె గాలి వేడిగా నున్నప్పుడు ఆ గాలి ఒంటికి చల్లదనమిచ్చుట మాని వేడిని మోసికొనివచ్చును. వడగాలి వేడిని తెచ్చును, హిమవాయువు వేడిని దోచుకొనిపోవును. రెండింటికిని మందు ఒక్కటే, చెవులు మూసికొని చాటుకు పోవుట. వడగాలిని తలచుకొని మంచుగాలికి భయపడగలిగిన కుఱ్ఱవాడు తొలిదినమున సగము గట్టెక్కినట్లే.

నూలు, పాలిస్టరు, ఉన్ని

బట్ట విషయమున సిరిసిల్లవారికి ఎవరును పాఠము చెప్పనక్కరలేదు. మరమగ్గముల చప్పుడు ప్రాతఃకాలపు పక్షికూతలను మ్రింగివేయు ఆ పట్టణమున, నూలుబట్ట గుణమేమి, పాలిస్టరు గుణమేమి యన్నది చేతితో తాకి చెప్పగలవారు వీథికి పదిమంది. ఆ ఆటలో ప్రతి వస్త్రమునకును ముఖ్యముగ నాలుగు లెక్కలు కలవు: ఎంత వెచ్చదనమిచ్చును, గాలిని ఎంత ఆపును, తడిని ఎంత ఆపును, ఎంత బరువు తూగును. బొమ్మ అందముగా నున్నదని కోటు తొడిగినవాడు మోసపోవును. ఒకదానిపై నొకటిగా పొరలు వేసికొన్నవాడు నిలుచును. పాడుపడిన ఇంటిలోనికి ప్రవేశించిన అనుభవశాలి బీరువాలో తిండికై వెదకుటకు ముందు తలుపులకు వ్రేలాడు తెరగుడ్డలను చూచును; వానిని చింపి గుడ్డముక్కలుగ చేసికొని, సూదీదారముల పెట్టె దొరకినచో చినిగిన చొక్కాను కుట్టుకొనును. తొలిదినమున ఒక తెరగుడ్డ ఒక తుపాకికంటె విలువైనది. ఇది నా అభిప్రాయము; తుపాకి దొరకినప్పుడు గెంతులు వేయువారు ఒప్పుకొనకపోవచ్చును.

నూలు మన వేసవికి వరప్రసాదమగుట ఎందుచేత? అది చెమటను పీల్చి పట్టియుంచును. పట్టియుంచిన తడి ఆరుచు ఆరుచు ఒంటివేడిని తనతో తీసికొనిపోవును. మంచుదేశమున సరిగా ఆ గుణమే ప్రాణాంతకము. ఏటిమీది పలుచని మంచుపలక విరిగి కాలు జారి తడిసినవాడు నూలుచొక్కాతో నున్నచో, అది ఆరదు, ఒంటివేడిని పీల్చుట మానదు, కొంతసేపటికి ఒంటిమీదనే గడ్డకట్టును. ఒక్క గుణమే ఒకచోట ధాత్రి, ఒకచోట హంత్రి. పాలిస్టరు నీటిని అంతగా పీల్చదు గనుక త్వరగా ఆరును. మన మే మాసమున ఒంటికి అంటుకొని ఉక్కపోయు ఆ బట్టను తిట్టుకొనువారు, మంచులో దానికే మ్రొక్కుదురు. ఉన్ని మాట వేరు. తడిసినను అది వెచ్చదనమును పూర్తిగా విడువదు. దక్కను గొఱ్ఱెల నల్లనిబొచ్చుతో నేసిన గొంగడి కొప్పెర వేసికొని వానలో మందను తోలుకొనివచ్చు కురుమ పెద్దమనిషిని తీసికొనిపోయి గ్రేట్ బేర్ ద్వీపమున దింపినచో, మిగిలిన ఆటగాండ్రు మూడు దినములు వెదకిన దుస్తు అతని భుజముమీద ముందే యుండును. వానకు గొడుగు, చలికి దుప్పటి, నేలకు పఱుపు, ఎండకు నీడ. ఇన్ని పనులు చేయు ఒక్క వస్త్రమును ఆట చేసినవారు చూచియుండినచో ఆట మిక్కిలి సులువైపోవునని భయపడి తీసివేసియుందురు.

అగ్గిపుల్ల అర్థశాస్త్రము

నిప్పు దగ్గర ఆటగాడు పరీక్షకు నిలుచును. రాజుకొను సామగ్రి, మండు కట్టె, అంటించు పుల్ల, ఈ మూడును ఉన్నను తొలిదినములలో మంట అంటుకొనునన్న నిశ్చయము లేదు; పుల్ల వృథా కావచ్చును, అంటుకొన్న మంటను గాలి మలుపు తిరిగి ఆర్పవచ్చును. భూతద్దము దొరకిన భాగ్యశాలి నిర్మలమైన ఎండలో పుల్ల ఖర్చు లేకుండ మంట చేసికొనును. మిక్కిలి కఠినమైన 'ఇంటర్‌లోపర్' అంతస్తులో తుపాకులే యుండవు, కత్తిని గొడ్డలిని సయితము కొలిమిలో తానే కాచి కొట్టుకొనవలెను. అచ్చట అగ్గిపుల్ల దొరకుటయే పండుగ. అన్నిటికంటె సులువైన 'పిల్‌గ్రిమ్' అంతస్తులో తోడేళ్లు తమంతట తామే మనుష్యుని చూచి పారిపోవును. కొత్తవారు బింకమునకు పోక అచ్చటనే ఆరంభించుట మంచిది.

కోరుట్ల, మెట్‌పల్లి వాకిళ్లలో చాటలు ఒడిలో పెట్టుకొని బీడీలు చుట్టు స్త్రీలను చూచినవారికి ఈ పొదుపు తెలిసినదే. ఆకు వృథా కారాదు, తంబాకు పొల్లుపోరాదు, దారము బారెడెక్కువ పోరాదు. లెక్క తప్పిన బీడీలు కూలిలో తరుగు. ఆ బీడీని గాలిలో ముట్టించుకొను ముసలివాని చేతులు చూడుడు: గాలికి వీపు త్రిప్పి, రెండు దోసిళ్లు గూడుగ చేసి, ఒక్క పుల్లతో పని ముగించును. ఆయన తాతకు అగ్గిపెట్టెయు లేదు. చెకుముకిరాతిపై ఉక్కుముక్క కొట్టి బూరుగుదూదిలో నిప్పురవ్వను పట్టినవాడు ఆ తాత. ఆటలో మూడవవారమునకు గాని అబ్బని విద్య ఆ ఇండ్లలో నూరేండ్ల క్రిందట గంజి కాచుకొనుటకు ముందు చేయు పని.

ఆ బీడీ ఆకు వచ్చు చోటు కూడ చెప్పవలెను, ఎందుకనగా అరణ్యమున తొలిదినమును ఏటేట నిజముగా గడపువారు అచ్చటనే కలరు. బీర్‌పూరు, సారంగాపూరు అడవులలోను, సిరిసిల్ల ప్రక్క రుద్రంగి, వీర్నపల్లి గుట్టలలోను ఏప్రిలు, మే మాసములందు తునికాకు కోయువారు చీకటితోనే ఇల్లు వెడలుదురు. ఎండ నెత్తికెక్కునప్పటికి కోత ముగియవలెను. తరువాత ఆకులను 50కి ఒక కట్టగా కట్టి సాయంకాలమునకు కల్లమునకు చేర్పవలెను. సద్ది, నీళ్లు, తలకు గుడ్డ, మందిలో పోవుట, ఒకరినొకరు కేక వేసికొనుట వారి సరంజామా. వడదెబ్బ తగులకుండునని కొందరు జేబులో ఉల్లిగడ్డ వేసికొందురు. దానికి వైద్యశాస్త్రము సాక్ష్యము పలుకదు గాని వారు నీళ్లసీసాను మరచిపోవుటయు లేదు. ఇప్పపూవుకును తునికిపండ్లకును ఎలుగుబంట్లు వచ్చునని వారికి తెలియును గావున పొదరిండ్లవైపు మౌనముగ నడవరు. ఆటలో పచ్చిమాంసము మూటగట్టుకొని తిరుగువాని వాసన పట్టి తోడేళ్లు వెంటబడును; మంట గాని కాగడా గాని చేతనున్నచో వెనుదీయును. మృగము ఏదైనను, దానికి మన రాక ముందే తెలియవలెనా, తెలియకుండవలెనా యన్నది ఇల్లు వెడలకముందే తేల్చుకొనవలసిన సంగతి.

మొదటిరాత్రి తిండి

కొత్త ఆటగాండ్రు చేయు అన్నిటికంటె పెద్ద తప్పు ఆకలికి భయపడుట. గురుతు కొంచెము తగ్గగానే కుందేటివెంట పరుగెత్తుదురు, జింక కళేబరము కనబడగానే గడ్డకట్టిన మాంసమును ఉత్తిచేతులతో చీల్చుచు గంటలు గడుపుదురు. ఆకలి తీరునప్పటికి చలి వారి పని ముగించును. ఆ ఆటలో చలి గంటలలో చంపును, ఆకలి దినములమీద గాని చంపదు. ఈ నిజమును గ్రహించినవాడు తొలిసాయంకాలము దారిలో దొరకిన చెఱువుగట్టున జమ్ముదుబ్బు పెఱికికొని తృప్తిపడును. ఒక్కొక్క కాడ 150 కెలోరీల శక్తి నిచ్చును, ఉడికింప నక్కరలేదు, చెడిపోదు, దాని కంకి మంట రాజుకొనుటకును పనికివచ్చును. మన చెఱువులలో అదే జమ్ము పెరిగినప్పుడు రైతులు తెగులుగ భావించి కోసి పారవేయుదురు.

మన ఇతిహాసములు ఈ విషయమును ఎంత స్పష్టముగ చెప్పినవో తలచుకొనిన ఆశ్చర్యమగును. వాల్మీకి రామాయణమున అయోధ్య విడిచిన శ్రీరాముడు వనవాసపు తొలిరాత్రిని తమసానదీతీరమున గడపెను. అడవిలో తినదగినవి పలువిధములుగ నున్నను ఆ రాత్రికి నీరు మాత్రమే చాలునని ఆయన నిశ్చయించెను. సుమంత్రుడు గుఱ్ఱములకు మేత వేసెను. ఆకులతో పడక పరచిరి. లక్ష్మణుడు తెల్లవారువరకు మేలుకొని కావలి యుండెను. మహాభారతమున పాండవులు అడవికి వెడలిన తొలిరాత్రి గంగాతీరమున ప్రమాణమను మఱ్ఱిచెట్టు చేరి, వారును నీరు త్రాగియే ఆ రాత్రి గడపిరి. నీరున్నచోట మజిలీ, మరుగు, పడక, కావలి, వాహనముల సంరక్షణ. భోజనము రేపటి సంగతి. రెండు ఇతిహాసములును ఒకేవిధముగ చెప్పుటను భక్తులు ఉపవాసనియమముగ గ్రహింతురు. నాకు మాత్రము అది అడవి తెలిసినవారు వ్రాసిన లెక్కగ తోచును. ఇంగ్లీషువారి రాబిన్సన్ క్రూసో, 1719లో డేనియల్ డీఫో సృష్టించిన పాత్ర, ద్వీపమున తొలిరాత్రి చెట్టెక్కి నిద్రించినాడు. అతనికిని ఆనాడు తిండికంటె మృగభయమే ముందు గుర్తువచ్చినది.

ముప్పది కిలోల జీవితము

ఆటలో మనుష్యుడు సుఖముగ మోయగల బరువు 30 కిలోలు. అంతకు మించినచో అడుగు బరువెక్కును, అలసట పెరుగును. తొలిదినమున కనబడినదెల్ల మూటగట్టువాడు గుట్ట ఎక్కలేడు. ఈ ముప్పది కిలోల లెక్కను కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల ఇండ్లలో ఎవరికిని వివరింపనక్కరలేదు. గల్ఫు ప్రయాణపు ముందురాత్రి బ్యాగును స్ప్రింగుకాటాకు వ్రేలాడదీసి, తొక్కుసీసాను తీసివేయుదమా, చెప్పుల జతను తీసివేయుదమా యని తర్కించిన కుటుంబమునకు, ఏది విడువవలెనో నిర్ణయించుట తెచ్చుకొనుటకంటె కష్టమైన విద్యయని తెలియును.

విమానము దిగిన తరువాతి తొలిదినమో, అది వేరు కథ. ఈ జిల్లాలనుండి పోయి ఎడారిలో మేకలను ఒంటెలను కాచినవారు, కట్టడపు పనులలో రేకులకప్పుల మీద నిలిచినవారు, ఎండ యనునది రాజ్యములు శాసనములు చేసి అదుపుచేయవలసిన శత్రువని అచ్చట చూచిరి. సౌదీ అరేబియాలో జూన్ 15 నుండి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నము 12 నుండి 3 గంటలవరకు, ఐక్య అరబ్ ఎమిరేట్సులో అవే మాసములలో 12.30 నుండి 3 వరకు, కువాయిటులో జూన్ 1 నుండి ఆగస్టు చివరివరకు పగలు 11 నుండి 4 వరకు, ఆరుబయట ఎండలో పనిచేయించుట నిషిద్ధము. తునికాకు కోయువారు ఏ శాసనమును లేకయే పాటించు వేళలను అచ్చటి ప్రభుత్వములు గెజిటులో వ్రాయవలసివచ్చినది. ఎండలో శ్రమించు మనుష్యుడు గంటకు లీటరుకు పైగా చెమట కోల్పోవచ్చును గనుక, నీరు లేక 3 దినములను ఆ పాశ్చాత్యసూత్రము అచ్చట ఒక్క దినమునకు కుదించుకొనిపోవును. మంచుతెర ముందు కూర్చున్న కుఱ్ఱవానికి విసుగు పుట్టినచో కంప్యూటరు ఆర్పివేయవచ్చును. ఎడారిలోని అతని చిన్నాయనకు ఆ మీట లేదు. ఆటను మెచ్చుకొనుచు ఈ భేదమును మరచినచో అది మూఢత్వమగును. మరువకుండ ఆడినచో, ఫోనులో "మంచిగనే ఉన్న" అని ఆ చిన్నాయన చెప్పు రెండు మాటల వెనుక ఎంత లెక్క యున్నదో ఆ పిల్లవానికి కొంతయైనను తెలియవచ్చును.

ఎండకొక ఆట కావలెను

ఇంతవరకు చెప్పిన ఆటలలో అధికము చలిదేశములలో పుట్టినవి. అందుచేత వాని అరణ్యములందు చలియే యమధర్మరాజు. ఎండను పట్టించుకొన్న ఆటలు లేకపోలేదు. 'డోంట్ స్టార్వ్'కు 2014లో వచ్చిన అనుబంధములో వేసవితాపము, కార్చిచ్చు కలవు. 2018లో వచ్చిన 'కోనన్ ఎక్సైల్స్' ఎడారిలో ఆరంభమగును. కాని దక్కను మే మాసము ఎడారి గాదు. ఆకురాలిన మోదుగుచెట్లు, కాలిన రాతిగుట్టలు, ఎండిన వాగులో మోకాలిలోతు త్రవ్విన దొరకు నీరు, ఇప్పచెట్టు క్రింద ఎలుగుబంటి, మధ్యాహ్నము వీచు వడగాలి, సాయంకాలము ఉన్నట్టుండి లేచు ఈదరగాలి, పిడుగులు. వీనినన్నిటిని తెలిసి కల్పించిన ఆట నాకు తారసపడలేదు. 2020లో పుణెనగరపు యువకులు 'రాజీ' అను ఆటతో మన పురాణగాథలకు తెరమీద రూపమిచ్చిరి. దేశపు ఆటల రూపకర్తలు సంవత్సరాంతమున చేరు పెద్దసభ పెక్కుసార్లు హైదరాబాదులోనే జరిగినది. అచ్చటినుండి జగిత్యాలకు దారి ఒక పూట ప్రయాణము.

కావున హైదరాబాదు రూపకర్తలకు నా విన్నపమిది. గోదావరి కీవలి గుట్టలలో, ఏప్రిలు నెల వేకువజామున, చేతిలో ఒక ఖాళీ సీసాతో ఆటగానిని దింపుడు. పది గంటలలోపల నీడ వెదకికొననివానిని, చెలిమ త్రవ్వుటకు తడియిసుక ఆనవాలు పట్టలేనివానిని, నూలుగుడ్డను తడిపి తలకు చుట్టుకొనుట తెలియనివానిని, చీకటిపడుసరికి పొదలవైపు మౌనముగ నడచినవానిని ఎట్లు శిక్షింపవలెనో మీరే నిర్ణయింపుడు. అంకెలు సరిచూచుటకు సలహాదారులు కావలసినచో బీర్‌పూరు, సారంగాపూరు అడవులలో తునికాకు కల్లముల యొద్ద దొరకుదురు, వారి సమయమునకు తగిన కూలి ముందుగ మాటాడుకొని పోవలెను. వానలు పడకముందే ఆకు ఎత్తివేసి కల్లములు ఖాళీచేయుదురు గనుక, రాదలచినవారు మే మాసము దాటకముందే రావలెను.